పంతొమ్మిది నిమిషాల కోసం ఒక ట్రేడ్: మినెసోటా మాంటే మోరిస్‌ను ఎందుకు తెచ్చుకుంది

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 2024 ట్రేడ్ గడువు, అంటే జట్లు ఆటగాళ్లను మార్చుకోవడానికి ఉన్న గడువు, ఫిబ్రవరి 8న ముగిసింది. అమెరికా తూర్పు తీరంలో అప్పుడు మధ్యాహ్నం మూడు గంటలు, హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. పశ్చిమ విభాగంలో అగ్రస్థానం కోసం పోటీ పడుతున్న మినెసోటా టింబర్‌వుల్వ్స్ ఆ గడువులోగా పెద్ద తారనెవరినీ తెచ్చుకోలేదు. డిట్రాయిట్ పిస్టన్స్ నుంచి మాంటే మోరిస్ అనే పాయింట్ గార్డ్‌ను, అంటే బంతిని ముందుకు నడిపించే ఆటగాణ్ణి, తెచ్చుకుంది. బదులుగా షేక్ మిల్టన్, ట్రాయ్ బ్రౌన్ జూనియర్ అనే ఇద్దరు ఆటగాళ్లను, 2030 డ్రాఫ్ట్‌కు చెందిన ఒక రెండో రౌండ్ పిక్‌ను ఇచ్చింది. డ్రాఫ్ట్ అంటే ఏటా జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం, పిక్ అంటే అందులో ఒక ఎంపిక హక్కు. తొడ కండరం గాయం వల్ల మోరిస్ ఆ సీజన్‌లో డిట్రాయిట్ తరఫున ఆడింది ఆరు మ్యాచ్‌లే. పైగా మినెసోటాలోనూ అతను మొదటి ఐదుగురిలో ఒకడు కాడు. జట్టు ప్రధాన పాయింట్ గార్డ్ మైక్ కాన్లీ బెంచ్ మీద కూర్చున్న కాసేపు బంతిని చూసుకోవడమే అతని పని.

ఇలాంటి వార్తకు పత్రికల్లో నాలుగు వాక్యాలకు మించి చోటు దొరకదు. కానీ ఎన్‌బీఏ జట్లు ఎలా ఆలోచిస్తాయో తెలుసుకోవాలంటే తారల ట్రేడ్‌ల కంటే ఇవే ఎక్కువ నేర్పుతాయని నా నమ్మకం. తార కోసం వెళ్లే జట్టు ఖర్చునూ భవిష్యత్తునూ పక్కన పెట్టి తెగిస్తుంది. బెంచ్ ఆటగాడి కోసం వెళ్లే జట్టు అలా తెగించలేదు. ప్రతి లక్ష డాలర్లూ, ప్రతి పిక్కూ, రోస్టర్‌లో (జట్టు ఆటగాళ్ల జాబితాలో) ప్రతి స్థానమూ చూసుకుని అడుగు వేయాలి. లీగ్ నియమాలు ఎక్కడ బిగిస్తాయో, ఎక్కడ వదులుతాయో అప్పుడే కనిపిస్తుంది.

కాన్లీ లేని నిమిషాలు

ఎన్‌బీఏ మ్యాచ్ 48 నిమిషాలు. ఆ సీజన్‌లో కాన్లీ సగటున 29 నిమిషాలు ఆడాడు. మిగిలిన 19 నిమిషాలు బంతి మరొకరి చేతుల మీదుగా నడవాలి. ఒక్కో జట్టుకు మ్యాచ్‌లో వందకు కాస్త అటూఇటూగా దాడి అవకాశాలు వస్తాయి కాబట్టి, ఆ 19 నిమిషాల వాటా నలభై దాకా ఉంటుంది. ఆ ఏడాది లీగ్ సగటు చూస్తే ఒక్కో అవకాశానికి దాదాపు 1.15 పాయింట్లు వచ్చాయి. షాట్ దాకా వెళ్లకుండానే బంతి పోతే, అంటే టర్నోవర్ అయితే, ఆ విలువంతా పోయినట్టే. మన రక్షణ కుదురుకునేలోపు ఎదుటివాళ్లు బుట్ట మీదికి దూసుకుపోతారు కనుక నష్టం అంతటితో ఆగదు కూడా. ఆ కాస్త సమయంలో మూడు టర్నోవర్లు అదనంగా జరిగితే నాలుగు పాయింట్ల దాకా చేజారతాయి. నాలుగు పాయింట్ల లోపు తేడాతో తేలే మ్యాచ్‌లు 82 మ్యాచ్‌ల సీజన్‌లో తక్కువేమీ కాదు.

పాయింట్ గార్డ్ పని చూడటానికి తేలిగ్గా ఉంటుంది. ఎనిమిది సెకన్లలో బంతిని మధ్య గీత దాటించాలి. 24 సెకన్లలోపు షాట్ పడాలి. ఈ మధ్యలో ఎవరు ఏ మూల నిలబడాలో చెప్పాలి, పొడవైన సహచరుడు అడ్డు నిలిచి దారి ఇచ్చిన క్షణంలో రక్షకుడు ఏ వైపు తూలాడో చూసి, సరైన మనిషికి సరైన సమయంలో బంతి అందించాలి. మంచి గార్డ్ ఆడుతున్నప్పుడు ఇదంతా జరుగుతోందన్న స్పృహ కూడా ప్రేక్షకుడికి కలగదు. లేనప్పుడు మాత్రం వెంటనే తెలిసిపోతుంది: 24 సెకన్ల గడియారం నాలుగుకు దిగాక ఎవరో ఒకరు కష్టమైన షాట్ విసిరేస్తుంటారు.

ఆ ఏడాది మినెసోటాకు ఈ లోటు మిగతా జట్లకంటే ఎక్కువగా తగలడానికి కారణముంది. రూడీ గోబేర్ లీగ్‌లోనే గొప్ప రక్షకుడు, ఆ సీజన్‌లో అతనికి ఉత్తమ రక్షకుడి అవార్డు కూడా వచ్చింది. కానీ దాడిలో అతను తన షాట్‌ను తాను సృష్టించుకోలేడు. గాలిలోకి లేచే సమయానికి బంతి అక్కడికి చేరాలి. యూటాలో కలిసి ఆడిన కాన్లీకి ఆ సమయం బాగా తెలుసు. 2023 ఫిబ్రవరిలో డి ఆంజెలో రసెల్‌ను వదులుకుని, మూడు జట్ల ట్రేడ్‌లో కాన్లీని తెచ్చుకోవడం వెనుక ఉన్న ఆలోచన కూడా అదే. ఆంథనీ ఎడ్వర్డ్స్ చేతికి బంతి ఇచ్చి అతన్నే నడిపించమనవచ్చు కదా అని చాలామంది అడిగారు. కొంతసేపు నడిపించగలడు, నడిపించాడు కూడా. కానీ జట్టులో అందరికంటే ఎక్కువ పాయింట్లు సాధించే ఆటగాడిని ప్రతిసారీ మధ్య గీత నుంచే రక్షకుల ఒత్తిడికి అప్పగిస్తే, నాలుగో క్వార్టర్‌కు అతని కాళ్లలో శక్తి మిగలదు. ఇద్దరేసి రక్షకులు అతని మీదికి వచ్చినప్పుడు బంతిని విడిపించుకుని ప్రశాంతంగా ముందుకు తీసుకెళ్లే రెండో మనిషి కావాలి.

కాన్లీకి అప్పటికి 36 ఏళ్లు. ఆ సీజన్‌లో 76 మ్యాచ్‌లు ఆడి సగటున 11.4 పాయింట్లు, 5.9 అసిస్టులు (సహచరుడి పాయింట్లకు దారితీసిన పాస్‌లు) సాధించాడు. ఆ వయసులో అది అపురూపమైన నిలకడ. అయినా 36 ఏళ్ల పిక్క కండరం మీద ఒక సీజన్ మొత్తాన్ని ఆధారపెట్టి నిశ్చింతగా ఉండే యాజమాన్యం ఎక్కడా ఉండదు.

మొదటి ప్రయత్నం ఫలించలేదు

ఈ సంగతి మినెసోటాకు ముందే తెలుసు. 2023 వేసవిలోనే ఫిలడెల్ఫియా నుంచి ఫ్రీ ఏజెంట్‌గా, అంటే ఒప్పందం ముగిసి, వచ్చిన షేక్ మిల్టన్‌తో ఏడాదికి 50 లక్షల డాలర్ల చొప్పున ఒప్పందం చేసుకున్నది ఈ పనికోసమే. మిల్టన్ షాట్లు పడలేదు. నిజానికి అతనిది పాయింట్లు సాధించే గార్డ్ స్వభావం, ఇతరుల ఆటను అమర్చే స్వభావం కాదు. మొదటిది తడబడినప్పుడు రెండోది అతన్ని ఆదుకోలేదు. జోర్డన్ మెక్‌లాఫ్లిన్ బంతిని జాగ్రత్తగా చూసుకుంటాడు, కానీ ఆరడుగులైనా లేని మనిషిని ఎదుటి జట్లు వెతికి పట్టుకుని దాడి చేస్తాయి. పొడవైన కైల్ ఆండర్సన్ బంతిని తెలివిగా నడిపిస్తాడు, అయితే దూరం నుంచి అతను షాట్ వేస్తాడన్న భయం ఎవరికీ లేదు. అతన్ని కాపలా కాయాల్సినవాడు తీరిగ్గా బుట్ట దగ్గరికి జారుకుని గోబేర్ దారి మూసేస్తాడు. ముగ్గురిలో ఒక్కొక్కరికీ ఒక్కో గుణం ఉంది. మూడూ ఉన్నవాడు లేడు.

మోరిస్ మీదికి చూపు మళ్లడానికి మినెసోటా జట్టు నిర్మాణం చూస్తున్న టిమ్ కానెలీ ఒక ముఖ్య కారణం. 2017లో డెన్వర్ నగెట్స్ వ్యవహారాలు చూస్తున్నప్పుడు 51వ పిక్‌తో మోరిస్‌ను ఎంచుకున్నది ఆయనే. 2022లో ఆయన మినెసోటాకు మారారు. 51వ పిక్ అంటే చాలామంది పేరైనా మిగలని చోటు. ఐయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో మోరిస్ ఒక్కో టర్నోవర్‌కు నాలుగున్నరకు పైగా అసిస్టులతో కాలేజీ బాస్కెట్‌బాల్ రికార్డు నెలకొల్పాడు. డెన్వర్‌లో తన తొలి పూర్తి సీజన్ 2018–19లో 82 మ్యాచ్‌లూ ఆడి, సగటున 3.6 అసిస్టులకు 0.6 టర్నోవర్లు మాత్రమే చేశాడు. చాలామంది గార్డ్‌లు రెండు మూడు అసిస్టులకు ఒకసారి బంతి పోగొట్టుకుంటే సరే అనుకునే లీగ్‌లో ఇది విడ్డూరం. డెన్వర్ ప్రధాన గార్డ్ జమాల్ ముర్రే మోకాలి గాయంతో 2021–22 సీజన్ మొత్తం దూరమైనప్పుడు మోరిస్ 74 మ్యాచ్‌లలో మొదటి ఐదుగురిలో ఆడి 12.6 పాయింట్ల సగటు సాధించాడు. మినెసోటాకు కావలసిన మనిషి కాగితం మీద అచ్చం ఇలాగే ఉంటాడు: తక్కువ తప్పులు, పరవాలేదనిపించే షాట్, అవసరమైతే కొన్నాళ్లు ప్రధాన పాయింట్ గార్డ్‌గా నిలబడిన అనుభవం.

డబ్బుల లెక్క

ఐపీఎల్ చూసే పాఠకులకు ఇక్కడ ఒక తేడా చెప్పాలి. ఐపీఎల్‌లో ఒక ఫ్రాంచైజీ డబ్బు కట్టి మరో ఫ్రాంచైజీ ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చు. 2023 నవంబరులో గుజరాత్ టైటన్స్ నుంచి ముంబై ఇండియన్స్ హార్దిక్ పాండ్యాను తెచ్చుకున్నది అలాగే. ఎన్‌బీఏలో ఆ దారి లేదు. సాలరీ క్యాప్ (జట్టు జీతాల మొత్తానికి లీగ్ పెట్టిన పరిమితి) దాటిన జట్టు ఒక ఆటగాణ్ణి తెచ్చుకోవాలంటే దాదాపు ఆ జీతానికి సరిపడా జీతాలున్న ఆటగాళ్లను పంపాలి. యజమాని ఎంత సంపన్నుడైనా ఆ లెక్క కుదరకపోతే ట్రేడ్ జరగదు.

2023–24లో క్యాప్ 13.6 కోట్ల డాలర్లు. జీతాలు దాటితే లీగ్‌కు అదనపు సొమ్ము కట్టాల్సిన లగ్జరీ ట్యాక్స్ గీత దాదాపు 16.53 కోట్ల దగ్గర. ఆపైన 17.23 కోట్ల దగ్గర మొదటి ఏప్రన్, 18.28 కోట్ల దగ్గర రెండో ఏప్రన్ అనే మరో రెండు గీతలు. పైకి వెళ్లేకొద్దీ జట్టుకు వెసులుబాటు తగ్గిపోతుంది. మినెసోటా ట్యాక్స్ గీతకు కొద్దిగా కింద ఉంది.

మోరిస్ జీతం 98 లక్షల డాలర్లు. మిల్టన్ 50 లక్షలు, బ్రౌన్ 40 లక్షలు, కలిపి 90 లక్షలు. ఇద్దరూ 2023 వేసవిలో ఒప్పందం చేసుకున్నవారు కాబట్టి డిసెంబరు 15 దాకా వారిని ట్రేడ్ చేయడానికి వీల్లేదు. ఫిబ్రవరికి ఆ అడ్డు తొలగింది. అప్పటి నియమం ప్రకారం మొదటి ఏప్రన్‌కు దిగువన ఉన్న జట్టు 90 లక్షలు పంపితే అంతకు 75 లక్షలు ఎక్కువ దాకా తెచ్చుకోవచ్చు. ఆ లెక్కన మినెసోటాకు ఇంకా ఖరీదైన గార్డ్ కూడా సాధ్యమే. అభిమానులు అడిగిన పేరు టైయస్ జోన్స్. మినెసోటా రాష్ట్రంలోనే పెరిగాడు, ఇదే జట్టుకు గతంలో ఆడాడు, టర్నోవర్లు చేయకపోవడంలో మోరిస్‌కు ఏమాత్రం తీసిపోడు. వాషింగ్టన్‌లో అతని జీతం 1.4 కోట్ల డాలర్లు. ట్రేడ్ నియమం ఒప్పుకుంటుంది కానీ జట్టు జీతాల మొత్తం 50 లక్షలు పెరిగి ట్యాక్స్ గీత దాటిపోయేది. మోరిస్‌తో పెరిగింది ఎనిమిది లక్షలు మాత్రమే. ఆ ఏడాది ట్యాక్స్ కట్టిన ఎనిమిది జట్లలో మినెసోటా లేదు.

గీత దాటితే ఏమిటి, కాస్త ట్యాక్స్ కడతారు, అంతేగా అనిపించవచ్చు. మూడు నష్టాలున్నాయి. ట్యాక్స్ సరే. ట్యాక్స్ కట్టని జట్లకు కట్టినవారి సొమ్ములోంచి వాటా వస్తుంది, గీత దాటితే ఆ వాటా పోతుంది. మూడోది అన్నిటికంటే బరువైనది: నాలుగేళ్లలో మూడుసార్లు ట్యాక్స్ కట్టిన జట్టు ఆ తర్వాత హెచ్చు రేటు కట్టాలి. 2024–25 నుంచి ఎడ్వర్డ్స్‌కూ, జట్టులోని మరో తార కార్ల్ ఆంథనీ టౌన్స్‌కూ కొత్త భారీ ఒప్పందాలు మొదలవుతాయని, ఇక ట్యాక్స్ తప్పదని మినెసోటాకు అప్పటికే తెలుసు. అలాంటప్పుడు ఆ లెక్కను ఒక ఏడాది ముందే, అదీ బెంచ్ గార్డ్ కోసం మొదలుపెట్టడం తెలివైన పని కాదు. పొదుపు కోసం జోన్స్‌ను వదిలేశారని ఆనాడు విమర్శించినవారితో నేను ఏకీభవించను.

ఇంకో లాభం కంటికి ఆనదు. ఇద్దరు వెళ్లి ఒకడు వచ్చాడు కాబట్టి 15 మంది రోస్టర్‌లో ఒక స్థానం ఖాళీ అయింది. మార్చిలో టీజే వారెన్‌ను పదిరోజుల ఒప్పందం మీద పరీక్షించి చూసింది ఆ ఖాళీ ఉండబట్టే.

పిక్ సంగతి

ఇక అసలు చిక్కుముడి. ప్రతి ట్రేడ్ వార్త కింద ఒక ప్రశ్న కనిపిస్తుంది: మొదటి రౌండ్ పిక్ ఇచ్చి ఇంకా మంచివాణ్ణి తెచ్చుకోవచ్చు కదా? 2024 ఫిబ్రవరిలో మినెసోటా దగ్గర ఇవ్వదగిన మొదటి రౌండ్ పిక్ ఒక్కటి కూడా లేదు. పిక్‌లు లేక కాదు. ఉన్నవాటిని ఇవ్వనివ్వని నియమం ఒకటి ఉంది.

1980ల తొలినాళ్లలో క్లీవ్‌లాండ్ యజమాని టెడ్ స్టెపియన్ మొదటి రౌండ్ పిక్‌లను వరసపెట్టి ఇచ్చేసి జట్టును కుదేలు చేశాడు. అప్పటి నుంచి వరుసగా రెండు భవిష్యత్ డ్రాఫ్ట్‌లలో మొదటి రౌండ్ పిక్ లేకుండా ఏ జట్టూ మిగలకూడదని లీగ్ నియమం పెట్టింది. దాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. 2022 జులైలో గోబేర్ కోసం మినెసోటా యూటాకు ఇచ్చిన పిక్‌లు 2023, 2025, 2027, 2029 సంవత్సరాలవి. 2025 పోయింది కాబట్టి 2024ను కదపలేరు. 2026, 2028 రెండు ఖాళీల మధ్య ఇరుక్కున్నాయి. 2029 పోయింది కాబట్టి 2030 కూడా కదలదు. ఏడు డ్రాఫ్ట్‌లకు మించి ముందుకు వెళ్లి పిక్ ఇవ్వకూడదన్న మరో నియమం వల్ల 2031 అప్పటికి అందుబాటులోకి రాలేదు. నాలుగు పిక్‌లు ఇస్తే మిగతావన్నీ వాటంతట అవే గడ్డకట్టుకుపోయాయి. గోబేర్ ట్రేడ్ అసలు ఖరీదు ఇక్కడ తెలుస్తుంది: ఏడాదిన్నర తర్వాత ఒక చిన్న గార్డ్ కోసం బేరానికి కూర్చున్నప్పుడు కూడా చేతులు కట్టేసి ఉన్నాయి.

మిగిలింది రెండో రౌండ్ పిక్. అది అప్పటి మార్కెట్ ధరే. 2023 వేసవిలో వాషింగ్టన్ నుంచి మోరిస్‌ను తెచ్చుకోవడానికి డిట్రాయిట్ ఇచ్చింది కూడా ఒక రెండో రౌండ్ పిక్కే. అదే గడువు రోజున మిల్వాకీ బక్స్ తమ బెంచ్ గార్డ్ కామెరాన్ పేన్‌ను, 2027 రెండో రౌండ్ పిక్‌ను ఫిలడెల్ఫియాకు ఇచ్చి పాట్రిక్ బెవర్లీని తెచ్చుకుంది. ఒక రకం బెంచ్ గార్డ్ నుంచి మరో రకానికి మారడానికి కూడా ఖరీదు అంతే. ధర ఎప్పుడూ ఇంత తక్కువేమీ కాదు. 2018 డిసెంబరులో జార్జ్ హిల్‌ను తెచ్చుకున్న మూడు జట్ల ట్రేడ్‌లో ఇదే మిల్వాకీ మొదటి రౌండ్ పిక్ వదులుకుంది, ఎరిక్ బ్లెడ్సో వెనుక ఆడటానికే. అందులో తమకు భారమైన ఒప్పందాలు వదిలించుకోవడానికి చెల్లించిన భాగమూ ఉంది. రెండేళ్ల తర్వాత జ్రూ హాలిడే కోసం జరిగిన ట్రేడ్‌లో హిల్ జీతం లెక్క కుదరడానికి పనికొచ్చింది, 2021లో మిల్వాకీ ఛాంపియన్ అయింది. బెంచ్ గార్డ్ ఒప్పందానికి ఆట విలువతో పాటు ఇలాంటి మారకపు విలువ ఒకటి ఉంటుంది. మోరిస్ కథలోనూ అది ఉంది: 2022లో డెన్వర్ అతన్నీ విల్ బార్టన్‌నూ వాషింగ్టన్‌కు పంపి కెంటావియస్ కాల్డ్‌వెల్ పోప్‌ను తెచ్చుకుంది, మరుసటి ఏడాదే కప్పు గెలిచింది.

అమ్మే జట్టు లెక్క ఇంత కష్టమైనది కాదు. ఆ సీజన్‌లో డిట్రాయిట్ వరుసగా 28 మ్యాచ్‌లు ఓడి, చివరికి 14 విజయాలు, 68 ఓటములతో ముగించింది. మోరిస్ ఒప్పందం ఆ వేసవితో అయిపోతుంది. ఉంచుకుంటే జులైలో ఊరికే వెళ్లిపోతాడు, పంపితే ఒక పిక్ వస్తుంది. మిషిగన్‌లోని ఫ్లింట్‌లో పెరిగినవాడు సొంత రాష్ట్రం జట్టుకు ఆరు మ్యాచ్‌లు ఆడి వెళ్లిపోవలసి వచ్చింది. ఆ రోజు చేసుకున్న ట్రేడ్‌లలో డిట్రాయిట్‌కు మనుషులు ఎక్కువై, 2020లో ఏడో పిక్‌తో ఎంచుకున్న పాయింట్ గార్డ్ కిలియన్ హేస్‌ను కూడా వదిలేసింది. లెక్కల గురించి ఇంత రాస్తున్నాను కాబట్టి, ఆ లెక్కల కింద మనుషుల ఊళ్లూ ఉద్యోగాలూ మారిపోతున్నాయని కూడా చెప్పడం నా బాధ్యత అనుకుంటాను.

గడువు దాటాక వేరే జట్లు వదిలేసినవారి కోసం ఎదురుచూడటం ఇంకో దారి. 2008లో బోస్టన్ సామ్ కసెల్‌ను అలాగే తెచ్చుకుని, కుర్రవాడైన రాజన్ రాండో వెనుక ఆడించి కప్పు గెలిచింది. అది ఉచితం, కానీ ఎవరు దొరుకుతారో చెప్పలేం, దొరికినవాడు ఏ జట్టును ఎంచుకుంటాడో అసలే చెప్పలేం. అగ్రస్థానం కోసం పోరాడుతున్న జట్టు ఆ ఎదురుచూపు మీద ఆధారపడకపోవడమే మంచిదైంది.

ఏప్రిల్ తర్వాత

మోరిస్ మినెసోటాకు 27 మ్యాచ్‌లు ఆడాడు. సగటున ఐదు పాయింట్లు, రెండుకు పైగా అసిస్టులు. జట్టు 56 విజయాలతో పశ్చిమ విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. సీజన్ చివర కప్పు కోసం జరిగే ప్లేఆఫ్స్‌లో ఫీనిక్స్‌ను 4–0తో ఊడ్చేసింది, ఛాంపియన్ డెన్వర్‌ను ఏడు మ్యాచ్‌ల పోరులో ఓడించింది, ఆ తర్వాత డాలస్ చేతిలో 4–1తో ఓడిపోయింది. ఈ ప్రయాణంలో ముందుకు వెళ్లేకొద్దీ మోరిస్ కనిపించడం తగ్గిపోయింది. డెన్వర్‌తో ఐదో మ్యాచ్‌కు కాన్లీ కాలి గాయంతో దూరమైనప్పుడు, సరిగ్గా ఏ రోజు కోసం మోరిస్‌ను తెచ్చుకున్నారో ఆ రోజున, మొదటి ఐదుగురిలోకి వచ్చింది నికీల్ అలెగ్జాండర్ వాకర్. ఆ మ్యాచ్ ఓడిపోయారు. కాన్లీ తిరిగి వచ్చిన ఆరో మ్యాచ్‌ను 45 పాయింట్ల తేడాతో గెలిచారు.

దీన్ని చూపించి ట్రేడ్ విఫలమైందన్నవారు ఉన్నారు. వారి మాటలో సగం నిజముంది. ప్లేఆఫ్స్‌లో కోచ్‌లు ఎనిమిది మందికి మించి ఆడించరు, ప్రధాన ఆటగాళ్లు నలభై నిమిషాల దాకా నిలబడతారు, 19 నిమిషాల ఖాళీ పదికి కుంచించుకుపోతుంది. ఆ పది నిమిషాల్లో కావలసిన గుణం కూడా మారిపోతుంది. జనవరిలో టర్నోవర్ చేయని గార్డ్ కావాలి. మే నెలలో ఎదుటి జట్టు వెతికి వెతికి దాడి చేసినా నిలబడే గార్డ్ కావాలి. ఆరడుగుల రెండంగుళాల మోరిస్ మీదికి అప్పట్లో డాలస్‌కు ఆడిన లూకా డాంచిచ్ లాంటి భారీ మనిషి బంతితో వస్తే ఎంత శ్రద్ధ ఉన్నా అడ్డుకోవడం కష్టం. పొడవైన చేతులున్న అలెగ్జాండర్ వాకర్ బంతిని మోరిస్ అంత నేర్పుగా నడపలేకపోయినా, రక్షణలో రంధ్రం కాడు. కోచ్ క్రిస్ ఫించ్ ఎంపిక నాకు సరైనదిగానే తోచింది.

అయితే ట్రేడ్‌ను మే నెలలో ఒక మ్యాచ్‌తో తూచకూడదు. ఫిబ్రవరిలో ఉన్న ప్రమాదం కాన్లీ ఒక మ్యాచ్‌కు దూరం కావడం కాదు, ఆరు వారాలు దూరం కావడం. అది జరగలేదు. జరిగి ఉంటే, మిల్టన్ చేతిలో బంతి పెట్టి, పశ్చిమ విభాగంలో ఆ జట్టు ఏ స్థానానికి దిగజారేదో ఊహించుకోవచ్చు. ఇన్సూరెన్సు కట్టిన ఏడాది ఇల్లు తగలబడలేదని ఆ సొమ్ము వృథా అయిందని ఎవరూ అనరు.

వేసవిలో మోరిస్ కనీస వేతనానికి ఫీనిక్స్‌తో ఒప్పందం చేసుకుని వెళ్లిపోయాడు. మినెసోటా అప్పటికే ఇదే ఖాళీకి ఇంకో పేరు వెతుక్కుంది. జూన్ 26 డ్రాఫ్ట్ రాత్రి శాన్ ఆంటోనియో నుంచి ఎనిమిదో పిక్‌ను తీసుకుంది, కెంటకీ గార్డ్ రాబ్ డిల్లింగ్‌హామ్‌ను దక్కించుకుంది. అందుకు ఇచ్చింది ఎలాంటి షరతూ లేని 2031 మొదటి రౌండ్ పిక్, 2030లో పిక్‌లు మార్చుకునే హక్కు. ఫిబ్రవరిలో అందని 2031 పిక్ అందుబాటులోకి రాగానే ఖర్చయిపోయింది.

ఒకే పనికి ఐదు నెలల తేడాలో ఇంత దూరమున్న రెండు ధరలు ఎందుకు? డిల్లింగ్‌హామ్‌కు 19 ఏళ్లు, ఎదిగే అవకాశం ఉంది, అది ఒక జవాబు. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించే జవాబు నియమాల్లో ఉంది. 2024–25లో మినెసోటా జీతాలు రెండో ఏప్రన్ దాటిపోయాయి. ఆ గీత దాటిన జట్టు ఇద్దరి జీతాలు కలిపి ఒక ఆటగాణ్ణి తెచ్చుకోకూడదని లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన కొత్త ఒప్పందం చెబుతోంది. అంటే మిల్టన్, బ్రౌన్‌లను కలిపి మోరిస్‌ను తెచ్చుకున్నలాంటి ట్రేడ్ ఆ సీజన్‌లో ఆ జట్టుకు నియమ విరుద్ధం. ఒప్పందం ఇంకా కుదరని డ్రాఫ్ట్ పిక్‌కు మాత్రం జీతం లెక్కే ఉండదు, జీతాలు సరిపోల్చే పనీ ఉండదు. వచ్చిన కుర్రవాడికి నాలుగేళ్ల దాకా ముందే నిర్ణయమైన తక్కువ జీతం. మూసుకుపోని దారి అదొక్కటే, అందుకే ధర అంత పలికింది.

కానెలీ తర్కం నాకు అర్థమవుతుంది, ఆ ధరతో మాత్రం నేను సమాధానపడలేను. ఎడ్వర్డ్స్ సత్తా ఉచ్చస్థితిలో ఉన్న ఏళ్లలో కావలసింది ఈ రోజు బంతిని కాపాడే మనిషి. డిల్లింగ్‌హామ్ మొదటి సీజన్‌లో సగటున పది నిమిషాల చుట్టూ ఆడాడు. 37 ఏళ్ల కాన్లీ ఆడే నిమిషాలు తగ్గాయి. మిగతావి ఎడ్వర్డ్స్, జూలియస్ రాండల్, డాంటే డివిన్చెంజో, అలెగ్జాండర్ వాకర్ పంచుకున్నారు. 2025లో జట్టు మళ్లీ పశ్చిమ విభాగం ఫైనల్ దాకా వెళ్లింది, ఓక్లహోమా సిటీ చేతిలో 4–1తో ఓడింది. గార్డ్‌ల చేతుల్లోంచి బంతిని లాగేయడంలో ఆ ఏడాది ఓక్లహోమా సిటీని మించిన జట్టు లేదు. ఆ జులైలో అలెగ్జాండర్ వాకర్ అట్లాంటాకు వెళ్లిపోయాడు, కాన్లీ వెనుక బంతి ఎవరు నడపాలన్న ప్రశ్న మూడో వేసవి కూడా జట్టు ముందు అలాగే ఉండిపోయింది.